ఇంటిల్లిపాదికీ వేసవి నిద్ర

వేసవి ప్రవేశించినది మొదలు పత్రికలలో మనము ముందుగా వెదకునది పగటి గరిష్ఠోష్ణోగ్రతను. రామగుండమున ఎంత, రెంటచింతలలో ఎంత, బెజవాడలో ఎంత అని ఒకరినొకరు ప్రశ్నించుకొందుము. 44 డిగ్రీలైనచో నిట్టూర్చి, 46 అయినచో ఒకవిధమగు గర్వముతో సైతము చెప్పుకొందుము. ఆ అంకె ప్రక్కనే అచ్చుపడు రాత్రి కనిష్ఠోష్ణోగ్రతను చదువువారు అరుదు. కాని, పగటి ఎండను ఏదో నీడపట్టున గడపివేసిన మనుష్యుని, తెల్లవారులును వీడని ఉక్క పక్కమీద అటునిటు పొర్లించి, నిద్రలేమిచే సగము క్రుంగినవానినిగా మరునాటి ఎండకు అప్పగించుచున్నది.

వాతావరణ శాఖవారు ఈ విషయమును విస్మరింపలేదు. పగటి గరిష్ఠము 40 డిగ్రీలకు తగ్గని దినములలో, రాత్రి కనిష్ఠము సాధారణముకంటె 4.5 మొదలు 6.4 డిగ్రీల వరకు హెచ్చియున్నయెడల దానిని వెచ్చని రాత్రిగను, అంతకును మించినచో తీవ్రమైన వెచ్చని రాత్రిగను వారు ప్రకటించుచున్నారు. ఆ ప్రకటనను చూచి ఆ రాత్రికి పక్కలు మార్చుకొన్న గృహస్థు ఎవడైనను ఉన్నాడా అన్నది నా సందేహము. 2015 మే మాసమున రెండు తెలుగు రాష్ట్రములలోను కలిపి వేయికి మించిన ప్రాణములను గొన్న వడగాడ్పును తలచుకొనునపుడు మనకు మిట్టమధ్యాహ్నపు బాటసారియు, ఉపాధి పనికి పోయిన కూలియు జ్ఞప్తికి వత్తురు గాని, రేయింబవళ్ళు చల్లబడని కప్పుక్రింద మంచము పట్టియుండు వృద్ధులు రారు.

చరకాచార్యుడు శరీరమును నిలుపు ఉపస్తంభములు మూడింటిలో ఆహారము వెంటనే నిద్రను పేర్కొనెను. ఆహారము విషయమున మనకొక న్యాయబుద్ధి కలదు. ఇంటిలో నలుగురుండగా ఒక్కడే భుజించుట మర్యాద కాదని పసివానికిని తెలియును. నిద్ర విషయమున అట్టి పాడి మన ఇండ్లలో ఏర్పడలేదు. గాలి వచ్చు కిటికీ ప్రక్క మంచము ఎవరిది, పంకా క్రింది చోటు ఎవరిది, చల్లని యంత్రమున్న గది ఎవరిది అను ప్రశ్నలు సంపాదనను బట్టియో, అలవాటును బట్టియో తేలిపోవుచున్నవి. వేసవి నిద్రను సైతము అన్నమువలె ఇంటిల్లిపాదికిని వడ్డింపవలెననియు, అందుకై మన ధనమును శ్రద్ధను మొదట ఇంటి కప్పుపైనను, పిదప ఇంటిలోని అశక్తులపైనను వెచ్చించి, యంత్రముల మాట ఆ తరువాతనే తలపెట్టవలెననియు నా అభిప్రాయము.

నిద్రకును వేడిమికిని గల వైరము దేహధర్మములోనే ఇమిడియున్నది. నిద్రలోనికి జారునపుడు మానవదేహము తన అంతరోష్ణమును ఇంచుమించు ఒక డిగ్రీ తగ్గించుకొనును. ఆ వేడిమిని ముఖ్యముగా అరచేతుల నుండియు అరికాళ్ళ నుండియు బయటకు విడుచును. కునుకుపట్టు పసివాని అరికాళ్ళు వెచ్చబడుటకును, పెద్దవారి పాదములు తమంత తామే దుప్పటి వెలుపలికి వచ్చుటకును కారణమిదియే. చుట్టునున్న గాలియే దేహమంత వెచ్చనైనప్పుడు ఈ మార్గము మూసికొనిపోవును. మిగిలినది చెమట యొక్కటే. ఆ చెమట ఆరినగాని చల్లదనము పుట్టదు. కనుక పడుకొనుటకు గంటముందు గోరువెచ్చని నీటితో స్నానము చేయుడని చెప్పినచో నవ్వువారు నవ్వుదురు గాక, మంచునీటికంటె అదియే మేలు; మిక్కిలి చల్లని నీరు చర్మములోని రక్తనాళములను ముడుచుకొనునట్లు చేసి లోని వేడిమిని లోపలనే బంధించును, గోరువెచ్చని నీరు వానిని విప్పారజేయును. నల్లని ప్లాస్టిక్ ట్యాంకు డాబామీద గల ఇండ్లవారికి ఈ వెచ్చదనము కొనవలసిన పనిలేదు. రాత్రి తొమ్మిది గంటలకు కుళాయి త్రిప్పినచో మొదటి చెంబునీరు చేయి చురుక్కుమనునంత వేడిగా దిగును. అట్టివారు ఉదయముననే రెండు బకెట్లు పట్టి స్నానపుగదిలో నీడన ఉంచుకొనుట మంచిది.

ఆ నీటిని కాచిన ఎండయే మన స్లాబును కూడ కాచినది. నాలుగైదు అంగుళముల మందముగల ఆ కాంక్రీటు పలక పగలెల్ల ఎండను త్రాగి, ఆ వేడిమిని కొన్ని గంటల పిదప గాని అడుగుభాగమునకు చేర్పదు. అందువలన వెలుపల గాలి తిరిగి వీథి చల్లబడిన పది గంటలవేళ, లోపల మన శిరస్సులమీద కప్పు తన నిలువను విప్పుట ఆరంభించును. ఆ వేళ మంచముపై నిలిచి అరచేతిని పైకప్పు వైపు చాచి చూడుడు. పడమటి గోడను తాకి చూడుడు. పై అంతస్తులో నివసించువారి పంకా ఆ కప్పుక్రింద పేరుకొన్న వెచ్చని గాలినే వారి ముఖములమీదికి దించుచుండును. అట్టి గదిలో నిలువుపంకానో బల్లపంకానో తెచ్చి, సూర్యాస్తమయానంతరము తెరచిన కిటికీ దగ్గర నిలిపి బయటిగాలిని లోనికి తోయించుట ఎక్కువ ఫలము నిచ్చును. పగలు తొమ్మిది గంటలకే కిటికీలు మూసి తెరలు దించి, రాత్రి ఎదురెదురు కిటికీలను రెండింటిని తెరచుట మన అవ్వలందరు చేసినదే. అపార్టుమెంట్లకు వచ్చిన తరువాత దొంగల భయమునకును దోమల భయమునకును మనము దానిని తలక్రిందులు చేసి, పగలు తెరచి రాత్రి బిగించుచున్నాము. కిటికీకి దోమల జాలి బిగించుట ఒక్క పూట పని.

పూర్వపు ఇండ్లు చల్లగా ఉండెడివని వాపోవువారితో నేను పూర్తిగా ఏకీభవింపను. కోనసీమలోని మండువా లోగిళ్ళకును, తెలంగాణపు మట్టిమిద్దెలకును, తాటాకు కప్పులకును వేడిని ఆపు గుణము కలదన్నది నిజమే. కాని తాటాకు ఇండ్లు వేసవిలోనే ఒక నిప్పురవ్వకు వాడకు వాడగా బుగ్గియైపోయెడివి. ఇంతేగాక, ఆరుబయట నులకమంచమువేసికొని చుక్కలను చూచుచు నిద్రించిన సుఖమును వర్ణించువారు తరచుగా పురుషులే. ఆ ఇంటి కోడండ్రు అదే రాత్రి ఏ గదిలో, ఏ తలుపు వెనుక పడుకొనిరో వారి వర్ణనలలో కానరాదు. మనము గ్రహింపవలసినది ఆ ఇండ్ల ఆకృతిని కాదు, కప్పుమీద ఎండ నేరుగా పడనీయరాదను వారి యుక్తిని.

ఆ యుక్తి నేడును చౌకగనే సాధ్యమగును. గట్టి సున్నమును నానబెట్టి, వడగట్టి, కొంచెము జిగురు కలిపి రెండు పూతలు వెల్లవేసిన డాబా, ఎండలో అధికభాగమును వచ్చిన దారినే పంపివేయును. ఇట్టి తెల్లని కప్పులవలన గదిలోని వేడిమి 2 డిగ్రీలు మొదలు 5 డిగ్రీల వరకు తగ్గునని లెక్క. ఉగాదినాటికి వేసినచో మృగశిర కార్తె వరకు నిలుచును, వానలకు పలుచబడిన మరుసటి యేట మరల వేసికొనవచ్చును. వెల్ల చాలదనుకొన్నవారు డాబాపై గుంజలు పాతలేకున్నను, నాలుగు ఇనుప గొట్టములకు పచ్చని వలగుడ్డనో తాటాకునో కట్టి పందిరి వేసికొనవచ్చును. పెండ్లికి చలువపందిరి వేయించుటకు వెనుదీయని మనము, రెండు నెలల నిద్రకు వేయించుకొనుటకేల సంకోచింపవలెనో తెలియదు.

ప్రభుత్వములు సైతము ఈ దారిని కొంత త్రొక్కినవి. 2010 మే మాసపు ఎండలకు తల్లడిల్లిన అహమదాబాదు నగరము 2013లో మన దేశమున మొదటి వడగాడ్పు కార్యప్రణాళికను రచించుకొని, 2017లో పేదల వాడలయందలి కప్పులకు తెల్లపూత వేయించుటకు పూనుకొన్నది. తెలంగాణ ప్రభుత్వము 2023లో చలువకప్పుల విధానమును ప్రకటించి, ప్రభుత్వ, వాణిజ్య భవనములకును, 600 చదరపు గజములు మొదలు అంతకు మించిన స్థలములో కట్టు నివాసములకును దానిని విధిగా చేసినది. శ్లాఘనీయమే. అయినను 600 గజముల స్థలముగల గృహస్థునకు చల్లదనమునకు వేరు మార్గములు పెక్కు కలవు. అరువది గజములలో రేకులషెడ్డు వేసికొని అయిదుగురితో కాపురముండు మేస్త్రికి ఆ నియమము ఐచ్ఛికమై కూర్చున్నది. విధింపవలసిన చోట విధించి, ఇచ్చివేయవలసిన చోట సున్నపు బస్తాను, కుంచెను ఉచితముగా ఇచ్చినగాని ఈ విధానము తన పేరునకు తగినది కాజాలదు.

ఇక యంత్రములు. కరీంనగరమునందును ఆదిలాబాదునందును రోహిణీ కార్తెలో రోళ్ళు పగులు ఎండకు గాలి ఎండిపోయియుండును గనుక నీటికూలరు అచ్చట గొప్ప మేలు చేయును. దానిని కిటికీ వెలుపల ఉంచి, ఎదుటి తలుపు కొంచెము తెరచియుంచవలెనన్న ఒక్క సంగతి మరువకున్న చాలును. అదే కూలరును కాకినాడకో మచిలీపట్టణమునకో కొనిపోయి తలుపులు బిగించి నడిపినచో, అంతకుముందే తేమతో బరువెక్కిన సముద్రపుగాలికి మరికొంత తేమను చేర్చి, ఉన్న చెమటను కూడ ఆరనీయదు. కోస్తావారికి గాలి కదలిక ముఖ్యము, మెట్టసీమవారికి నీటితడి ముఖ్యము. తడిబట్ట నడుమునకు చుట్టుకొని పంకాక్రింద పడుకొనుమని నల్లగొండలో చెప్పిన సలహా నరసాపురములో అంతగా పారదు. దుకాణములవారు ఈ భేదము చెప్పరు. వారికి రెండూళ్ళలోను అమ్మవలసిన సరుకు ఒక్కటియే.

ఏసీని నిందించుటకు నేను సిద్ధముగా లేను. తీవ్రమైన రాత్రులలో అది ప్రాణమును నిలుపును. నా తగవు దానిని వాడు తీరుతోనే. ఒకటిన్నర టన్నుల యంత్రము గంటకు ఒక యూనిటుకు పైబడి విద్యుత్తును భక్షించుచు, యజమాని గదిని 18 డిగ్రీలకు దించి అతనిచే రగ్గు కప్పించుచుండగా, ఆ గదినుండి వెడలగొట్టబడిన వేడిమి సందులో ప్రక్కవారి కిటికీకి ఎదురుగా పడుచున్నది. హాలులో అతని తల్లి 75 వాట్ల పంకాక్రింద విసనకర్రతో కూర్చున్నది. 2020 జనవరి నుండి తయారగు ఏసీలు 24 డిగ్రీల వద్దనే మొదలుకావలెనని ప్రభుత్వము నియమించినను, చేతిలోని రిమోటునకు నియమము లేదు. 26 వద్ద నిలిపి, పంకాను నెమ్మదిగా త్రిప్పి, ఎండలు ముదిరిన ఆ కొద్ది వారములు చాపలు పరచి ఇంటివారందరు ఆ యొక్క గదిలోనే పడుకొన్నచో ఖర్చు పెరగదు. గురక పెట్టువారు ఒకరిద్దరుందురు. అది సహింపదగినదే.

ఇంటిలో చిట్టచివర పక్కకు చేరునది వంట చేయునామె. రాత్రి తొమ్మిదింటికి పొయ్యి ఆర్పి, గిన్నెలు కడిగి, మరునాటికి పాలు తోడుపెట్టి, ఆమె వచ్చుసరికి గాలివచ్చు తావులన్నియు నిండియుండును. వంటింటి గడపదగ్గర, ఇంకను వేడి వదలని గచ్చుమీద, కొంగు పరచుకొని ఆమె ఒరుగును. ఉదయము అందరికంటె ముందు లేచునదియు ఆమెయే. వేసవి రెండు నెలలును రాత్రి పొయ్యి వెలిగింపకుండుట ఏ ఇంటికైనను అసాధ్యము కాదు. ఉదయముననే వండిన కూరయు, సాయంకాలము తోడుపెట్టిన పెరుగును, ఉల్లిపాయయు, మామిడికాయ ముక్కయు ఉండగా రాత్రి భోజనమునకు లోటేమి? పొయ్యి వెలుగని ఇల్లు రాత్రికి కొంత చల్లబడును, తేలికగా తిన్న కడుపు త్వరగా నిద్రించును, ఆమెకు గంటసేపు కలిసివచ్చును.

వృద్ధులకు దప్పిక తెలియుట తగ్గును, చెమట పట్టుటయు తగ్గును. దానికితోడు రాత్రి లేవవలసివచ్చునను భయమున వారు సాయంకాలము నుండి నీరే ముట్టరు. ఆ భయమునకు కారణము సాధారణముగా చీకటి దారియు జారుడు నేలయు. మంచము నుండి మరుగుదొడ్డి వరకు ఒక చిన్న దీపము వెలుగుచుండునట్లు చేసినచో వారు మజ్జిగ గ్లాసును నిరాకరింపరు. రక్తపోటుకై మూత్రము జారీచేయు మాత్రలు వాడువారు వేసవిలో మోతాదు సంగతి వైద్యుని అడుగవలెను, తమంత తాము మానరాదు. ఆరునెలలు నిండని శిశువునకు వేసవియైనను తల్లిపాలే నీరు. మాటిమాటికి పాలిచ్చుటయు, పొత్తిళ్ళు విప్పి పలుచని నూలుగుడ్డ ఒక్కటి ఉంచుటయు చాలును. బడి పిల్లలకు ఒంటిపూట బడులు గనుక మధ్యాహ్నపు కునుకు దొరకును. గ్రీష్మమున రాత్రులు చిన్నవగుటచే పగటినిద్రను చరకుడు ఈ ఋతువునందు మాత్రము అనుమతించెను. పగలు చల్లని గదిలోను, రాత్రి గాలివీచు మేడమీద చందనము పూసికొని వెన్నెలలోను శయనింపుమనెను. చందనము మాట అటుంచినను మేడమాట మనము ఆలోచింపదగినది.

ఏలయన, నగరములలో మేడలకు కొదవ లేదు. వానికి తాళములు వేయబడియున్నవి. అయిదంతస్తుల అపార్టుమెంటులో ఇరువది కుటుంబములు స్లాబులక్రింద ఉడుకుచుండగా, వారందరిదియు అయిన డాబా అర్ధరాత్రి గాలికి ఒంటరిగా చల్లారుచుండును. తలుపు తాళపుచెవి వాచ్‌మన్ వద్దనో, సంఘము కార్యదర్శి వద్దనో ఉండును. అడిగినచో పిల్లలు పడిపోవుదురందురు, ట్యాంకులో చెత్త వేయుదురందురు, మెట్లు మాసిపోవునందురు. పిట్టగోడ పొట్టిదైనచో ఒక వరుస ఇటుక పెంచవచ్చును. విద్యుత్ శాఖవారు మరమ్మతులను రాత్రివేళ పెట్టుకొనక తెల్లవారిన తరువాత జరుపుకొనవలెనని మనము కోరుట న్యాయమే. ఆ కోరికను వినిపించుటకు ముందు, ఏ కార్యాలయము అనుమతియు అక్కరలేని ఈ చిన్నపని మన సంఘముల చేతిలోనే యున్నది. చైత్రము దాటినది మొదలు మృగశిర వచ్చువరకు రాత్రి తొమ్మిది గంటలకు డాబా తలుపు తెరచి, ఉదయము ఆరింటికి మూయవచ్చును; స్త్రీలకును వృద్ధులకును ఒక ప్రక్క తెరకట్టి, మడతమంచములు వేసికొననీయవచ్చును. తాళము తప్పదన్న పట్టుదల యున్నచో, దానిని ట్యాంకులమీదికి పోవు ఇనుప నిచ్చెనకు వేసికొనవచ్చును.