ఆ తలుపు తెరిచింది ఎవరు?



ట్రంప్ మీద ఎందుకు రాయవన్నా అని చాలామంది తమ్ముళ్లూ చెల్లెళ్లూ అడుగుతున్నారు. బెజవాడలో అమెరికా కబుర్లన్నీ వీసా దగ్గర మొదలై వీసా దగ్గరే ఆగిపోతాయి. ఎవరొస్తే మనకి లాభం, ఎవరొస్తే మనకి నష్టం. ఆ 'మనం'లో ఎవరెవరున్నారో ఎవరూ అడగరు. ఈ భాగంలో ఆ లెక్కే చూద్దాం.

2024 నవంబర్‌లో ట్రంప్ గెలిస్తే పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో సంబరాలు చేసుకున్నారు. ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు అది. ముఖ్యమంత్రి కూడా ఆమె తెలుగు మూలాలు గుర్తు చేస్తూ అభినందనలు చెప్పారు. ఓడిపోయిన కమలా హారిస్ కోసం తమిళనాడు తులసేంద్రపురంలో పూజలు చేశారు. ఒకరు రిపబ్లికన్ వైపు, ఒకరు డెమొక్రాట్. ఇద్దరి మూలాలూ బ్రాహ్మణ కుటుంబాల్లోనే. ఆ ఆడవాళ్లతో నాకు పేచీ లేదు. ఏ పార్టీ గెలిచినా టపాసులు పేలేది ఏ వీధిలోనో చెప్తున్నానంతే.

ఇప్పుడు వందేళ్లు వెనక్కి వెళ్దాం. అప్పట్లో అమెరికా పౌరసత్వం తెల్లవాళ్లకీ, ఆఫ్రికా సంతతి వాళ్లకీ మాత్రమే ఇచ్చేవారు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆయన తరఫు వాదన ఏంటో తెలుసా? నేను అగ్రకులస్తుణ్ని, నాది ఆర్య రక్తం, కాబట్టి నేనూ తెల్లవాణ్నే అని. పెళ్లి విషయంలో మీరు నల్లవాళ్లని ఎలా దూరం పెడతారో మేమూ మా దేశపు మూలవాసుల్ని అలాగే దూరం పెడతాం అని కూడా అందులో ఉంది. కోర్టు కొట్టేసింది. నల్లవాళ్ల పక్కన నిలబడి ఈ రంగు చట్టమే తప్పు అనొచ్చు. అలా అనలేదు, తెల్లవాడి పక్కన కుర్చీ అడిగారు.

1946లో ఏడాదికి 100 మంది భారతీయుల్ని రానిచ్చారు. తలుపు నిజంగా తెరుచుకుంది 1965 వలస చట్టంతో. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం, వాటి ఊపులోనే ఇదీ. ఆ ఊపు ఊరికే రాలేదు. బర్మింగ్‌హామ్‌లో పోలీసు కుక్కల ముందు, సెల్మా బ్రిడ్జి మీద లాఠీల ముందు నల్లవాళ్లు నిలబడితే వచ్చింది.

మన డెల్టా నుంచి ఆ తలుపులోంచి ముందు వెళ్లింది ఎక్కువగా కాలువ కింద భూమి ఉన్నవాళ్లు. 1957కి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. వరి, చెరకు, వాటి మిగులుతో వ్యాపారాలు, సినిమాలు, కాలేజీలు. గుంటూరులో చదివిన డాక్టర్లు వెళ్లారు, తర్వాత ఇంజనీర్లు. 1977లో బెజవాడలో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు, అదే ఏడాది అమెరికాలో తానా పుట్టింది. ఊడ్పులూ కోతలూ చేసిన మాల మాదిగ చేతులు మాత్రం ఆ మళ్లలోనే ఉండిపోయాయి. 1968 ఏప్రిల్‌లో మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. అదే 1968లో మన కంచికచర్లలో కోటేశుని దొంగతనం నెపంతో కట్టేసి సజీవంగా తగలబెట్టారు. బెజవాడ నుంచి హైదరాబాద్ బస్సెక్కితే ఆ ఊరు మీదుగానే వెళ్తాం.

ఇక 2023కి రండి. ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించింది. కాలిఫోర్నియాలో ఐషా వహాబ్ అనే సెనేటర్ ఎస్‌బీ 403 బిల్లు తెస్తే రెండు సభలూ పాస్ చేశాయి. హిందూ అమెరికన్ ఫౌండేషన్ లాంటి సంస్థలు ఎదురు తిరిగాయి. ఇది హిందువులందరి మీదా ముద్ర వేస్తుందట. వర్ణ వివక్ష వద్దన్న చట్టం తెల్లవాళ్లందరి మీదా ముద్ర వేసిందా? వయసు వివక్ష వద్దంటే కుర్రాళ్లందరూ దోషులా? అక్టోబర్ 7న గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. ఉన్న చట్టాలు చాలన్నాడు. గమనించండి, ఆయన ట్రంప్ పార్టీ కాదు, డెమొక్రాట్. ఓట్లూ విరాళాలూ ఎటున్నాయో రెండు పార్టీలకీ తెలుసు.

ఇక్కడ అంటరానివాళ్లని చేసినవాళ్లే అక్కడ మైనారిటీ హక్కులు అడుగుతారు. అడగాల్సిందే, రంగు వివక్ష నిజం. కానీ నల్లవాళ్లు నెత్తురు కార్చి తెరిచిన తలుపులోంచి లోపలికెళ్లి, వెనకొచ్చే దళితుడి మొహం మీద అదే తలుపు వేస్తుంటే దానికి పేరేంటి?

అమెరికాలో మన పేట మనిషి ఎక్కడుందో కూడా చూడండి. సుజాత గిడ్ల న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్. గుడివాడ ప్రాంతపు తన కుటుంబ కథనీ, మేనమామ సత్యమూర్తి కథనీ, అంటే మన శివసాగర్ కథనీ, 2017లో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చింది. ఫ్లెక్సీల మీద ఎప్పుడైనా ఆమె ఫొటో చూశారా?

డాలరు ఇటు కూడా తిరిగొచ్చి రాజకీయం చేస్తుంది. అమెరికాలో సంపాదించిన డాక్టరు గారొకరు 2024లో గుంటూరు ఎంపీగా నిలబడి అఫిడవిట్‌లో 5,700 కోట్లకి పైగా ఆస్తి చూపించారు. గెలిచారు, కేంద్ర మంత్రి అయ్యారు. చట్టప్రకారమే జరిగింది. అదే నా బాధ.

2025 సెప్టెంబర్‌లో ట్రంప్ కొత్త హెచ్1బీకి లక్ష డాలర్లు అన్నాడు. అందరికీ దెబ్బే, కానీ ఒకే దెబ్బ కాదు. ఎకరాలున్న ఇంట్లో ఒక ఎకరం అమ్ముతారు, కుర్రాడు తిరిగొచ్చినా బాబాయి కంపెనీ ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్ చేసి, అమ్మ డ్వాక్రా అప్పూ బ్యాంకు అప్పూ కలిపి విమానం ఎక్కినవాడు ఉద్యోగం రాకపోతే ఎక్కడికి తిరిగొస్తాడు?

వెళ్లే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక్క పని చెప్తాను. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లన్నింటిలో 2022 జనవరి నుంచి వివక్ష నిషేధ నియమాల్లో కులం కూడా ఉంది. అది విద్యార్థులు కొట్లాడి తెచ్చుకున్నది. మీ క్యాంపస్ నియమాల్లో ఆ మాట ఉందో లేదో చూడండి. ఉంటే ఆ పేజీ ప్రింట్ తీసుకుని ఐ-20తో పాటు ఫైల్లో పెట్టుకోండి. లేకపోతే అక్కడి బ్లాక్ స్టూడెంట్ యూనియన్ ఆఫీసు ఎక్కడుందో మొదటి వారంలోనే కనుక్కోండి.