ఆయిలు డబ్బాను అమ్మినవాడే వెనక్కి తీసుకోవాలి

1970లలో సిప్కాట్ పారిశ్రామికవాడ వెలసినప్పటి నుంచి తమిళనాడులోని హోసూరు బతుకు బండ్లతో ముడిపడింది. అశోక్ లేలాండ్ లారీలు, టీవీఎస్ ద్విచక్ర వాహనాలు ఇక్కడ తయారవుతాయి. బెంగళూరు నుంచి వచ్చిన రహదారి చెన్నై వైపు, సేలం వైపు చీలేది కృష్ణగిరిలో. ఈ దారి పొడవునా ఉన్న మెకానిక్ షెడ్లలో రోజూ ఇంజనాయిలు మారుస్తారు. తీసిన పాత నూనెకు కొనేవాళ్లున్నారు కాబట్టి అది డ్రముల్లోకి చేరుతుంది. కొత్త నూనె పోసి పారేసిన ప్లాస్టిక్ డబ్బా మాత్రం పాత సామాన్ల కొట్టుకు పోతుంది, లేదా మురికికాల్వలో పడుతుంది. ఆ డబ్బాను దాన్ని అమ్మిన కంపెనీయే వెనక్కి తీసుకోవాలి. అదీ కాగితాల మీద కాదు, అది ఖాళీ అయిన ఊళ్లోనే.

కంపెనీలకు ఆ బాధ్యత చట్టంలో లేకపోలేదు. ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలకు 2022 ఫిబ్రవరిలో కేంద్రం చేసిన సవరణ ప్రకారం గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2024-25లో కనీసం 50 శాతం రీసైకిల్ కావాలి. 2027-28 నాటికి అది 80 శాతానికి చేరాలి. లక్ష్యం మంచిదే, లొసుగంతా లెక్కగట్టే పద్ధతిలో ఉంది. నూనె డబ్బా, షాంపూ సీసా, మంచినీళ్ల సీసా అన్నీ ఒకే వర్గం, కొలమానం బరువు. ఎక్కడో మరో రాష్ట్రంలో శుభ్రమైన సీసాలు కరిగించిన రీసైక్లర్ దగ్గర ధ్రువపత్రం కొనుక్కుంటే ఆయిలు కంపెనీ బాధ్యత తీరినట్టే. హోసూరు డబ్బా హోసూరు కాల్వలోనే ఉండిపోతుంది. పైగా ఆ పత్రాలైనా నిజమైనవా అంటే, లక్షల సంఖ్యలో నకిలీవి పుట్టించారని 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లోనే తేలింది. 2024 ఏప్రిల్ నుంచి వాడిన నూనెకు కూడా ఉత్పత్తిదారుల బాధ్యత వర్తిస్తోంది, కానీ అది నూనెకే. ప్రమాదకర రసాయనాలు అంటిన ఖాళీ పీపాలు, డబ్బాలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉన్నాయి గనుక ఫ్యాక్టరీలు వాటికి లెక్క చూపాలి. గేటు దాటి రోడ్డెక్కితే, షెడ్డు వెనక పోగుపడిన డబ్బాలను అడిగే నాథుడు లేడు.

ఈ డబ్బాను మిగతా ప్లాస్టిక్‌తో కలిపి లెక్కగట్టకూడదనడానికి బలమైన కారణం ఉంది. నూనె గోడలకు అంటుకోవడమే కాదు, ప్లాస్టిక్‌లోకి కొంత ఇంకుతుంది కూడా. మంచి సరుకుతో కలిపి కరిగిస్తే ఆ సరుకు మొత్తం వాసన పట్టి, నాణ్యత చెడుతుంది. నీళ్లతో కడిగితే నూనె ఆ నీళ్లలోకి పోతుంది. బెంగళూరు మురుగు మోసుకొచ్చి కెలవరపల్లి జలాశయం దగ్గర నురగలు కక్కుతున్న దక్షిణ పినాకినికి, దాని కింద కృష్ణగిరి ఆనకట్ట నీళ్లతో సేద్యం చేసే రైతుకు ఈ అదనపు భారం మోపడం అన్యాయం. డబ్బాను బోర్లించి నూనె పూర్తిగా ఓడ్చి, విడిగా సేకరించి, తగిన యంత్రాలున్న చోట శుద్ధి చేయడమే సరైన దారి. ఆ ఖర్చు మామూలు రీసైక్లర్‌కు గిట్టదు. అందుకే ఆయిలు కంపెనీలన్నీ కలిసి మోయాలి.

పోటీ కంపెనీలు కలుస్తాయా అని అనుమానించేవారు కెనడాను చూడాలి. అల్బర్టాలో 1997 నుంచి పరిశ్రమ ఒకే సంస్థ ద్వారా పాత నూనెను, ఫిల్టర్లను, డబ్బాలను సేకరిస్తోంది. అమ్మకం దగ్గర చిన్న రుసుము వసూలు చేసి, సేకరించేవారికి చెల్లిస్తుంది. కలిసేది సేకరణకే, ధరలు కుమ్మక్కై నిర్ణయించడానికి కాదు. ఆ గీత చట్టంలో స్పష్టంగా గీస్తే సరిపోతుంది. అంత దూరం పోనక్కరలేదు, తమిళనాడులోనే ఉదాహరణ ఉంది. మద్రాసు హైకోర్టు చొరవతో 2022లో నీలగిరిలో ప్రభుత్వ మద్యం సంస్థ టాస్మాక్ సీసాపై 10 రూపాయలు డిపాజిట్‌గా అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చినవారికి తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. మద్యం సీసాకు సాధ్యమైంది ఆయిలు డబ్బాకు ఎందుకు కాదు?

పాత సామాన్లవాళ్లు ఎలాగూ కొంటున్నారు కదా అంటారు. కొంటున్నారు, నిజమే. అయితే మంచి మూత ఉన్న డబ్బా కల్తీ నూనె నింపేవాళ్ల చేతికి చిక్కితే మోసపోయేది లారీ యజమానే. ఆ కొట్ల జీవనోపాధి పోగొట్టమని మేం అనడం లేదు. వాళ్లనే గుర్తింపు పొందిన సేకరణ కేంద్రాలుగా చేసి, కిలోకు ఇంతని కంపెనీలు చెల్లించాలి. ధర పెరుగుతుందన్నది మరో అభ్యంతరం. తిరిగొచ్చే డిపాజిట్ ధర కాదు. సేకరణ రుసుము చిన్నదే, ఈరోజు ఆ ఖర్చు మున్సిపాలిటీ మీద, నది మీద పడుతోంది. విద్యుత్ వాహనాలు వచ్చేస్తున్నాయి, హోసూరులో, కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో అవే తయారవుతున్నాయి, ఇంజనాయిలు గొడవ దానంతటదే పోతుందని ఇంకొందరంటారు. స్కూటర్ల విషయంలో కావచ్చు. రహదారి మీద డీజిల్ లారీలు ఇంకా చాలా ఏళ్లు తిరుగుతాయి.

కేంద్ర పర్యావరణ శాఖ నూనె డబ్బాలను ప్రత్యేక వర్గంగా విడదీసి, వేరే ప్లాస్టిక్ పత్రాలు వీటికి చెల్లవని నిబంధన సవరించాలి. తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి డిపాజిట్ పథకాన్ని హోసూరు, కృష్ణగిరిలలో మొదలుపెట్టాలి. అయితే అటు అత్తిబెలె నుంచే కర్ణాటక, ఇటు కుప్పం ఆంధ్రప్రదేశ్. డిపాజిట్ ఒక రాష్ట్రంలోనే ఉంటే పక్క రాష్ట్రాల ఖాళీ డబ్బాలు ఆ డబ్బు కోసం సరిహద్దు దాటి వస్తాయి. కాబట్టి మూడు రాష్ట్రాల మండళ్లూ కంపెనీలను ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి, డిపాజిట్ ఎంతో ముందుగా తేల్చాలి.