ఓడ ఒక్కపగలు నిలుచు దీవి

వేములవాడ నుండి ఒక సోదరి మాకు లేఖ వ్రాసినారు. వారి కుమారుడు ఒక విహారనౌకలో వంటశాల యందు ఉద్యోగము చేయుచున్నాడట. ఈ శీతకాలమున తల్లిని కొన్ని దినములు ఆ నౌకపై త్రిప్పి తీసికొని రావలెనని అతని కోరిక. ఆ నౌక దారిలో మారిషసు దీవి యొద్ద ఉదయమున లంగరు వేసి సాయంకాలమునకు కదలిపోవునట. "ఉన్నది ఒక్కపగలు. ఇసుకలో కూర్చుండి కొబ్బరినీళ్లు త్రాగి వచ్చుటకు ఇంత దూరము పోనేల? మావారు ఇరువది యేండ్లు దుబాయిలో నుండి వచ్చిరి. నేను మాత్రము సముద్రమును చూచి యెరుగను. ఆ దీవిలో మనవారు చూడదగినది ఏమైన నున్నదా?" అని వారి ప్రశ్న.

ఇది తక్కిన సోదరీమణులకును పనికివచ్చునని తలచి ఈ మాసపు పుటలను దీనికే ఇచ్చుచున్నాము. ఉన్నది, సోదరీ. మేము ఆ దీవిని చూచినదియు అట్టి ఒక్కపగలే. ఆ కొద్దిపాటి కాలమును ఎట్లు వాడుకొనవలయునో చెప్పగలము.

మారిషసు హిందూమహాసముద్రమున దక్షిణార్ధగోళములో, మడగాస్కరునకు తూర్పుగా ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న చిన్న దీవి. జనసంఖ్య పండ్రెండు లక్షలకు కొంచెము పైన. మనకు చలికాలమైనప్పుడు వారికి వేసవి. నవంబరు మొదలు ఏప్రిలు వరకు గాలివానల కాలము కనుక, ఆ నెలలలో పోవువారు ఓడ ఒక్కొక్కప్పుడు రేవు చేరకయే సాగిపోవునని ముందుగనే మనస్సున నుంచుకొనవలెను. వేకువనే లేచి ఓడ పైతట్టున నిలువుడు. పోర్టు లూయీ పట్టణము వెనుక కొండలు వరుసగా లేచియుండును. వానిలో ఒకటి పైకెత్తిన బొటనవ్రేలి వలె నుండును. మరియొకదాని కొనపై గుండ్రని బండ యొకటి మనుష్యుని తల వలె కూర్చుండియుండును. అది ఎట్లు నిలిచియున్నదా యని మేము ఓడ దిగువరకు చూచుచునే యుంటిమి.

రేవున దిగగానే టాక్సీవారు చుట్టుముట్టి సముద్రతీరములకు, జలపాతములకు, రంగురంగుల మట్టి నేలకు తీసికొనిపోదుమందురు. అవి అన్నియు అందమైనవే. కాని మీరు ముందుగా 'ఆప్రవాసీ ఘాటు' అని చెప్పుడు. అది రేవును ఆనుకొనియే, కొలది నిమిషముల దూరమున నున్నది. చూచువారికి మొదట నిరాశయే కలుగును. కొన్ని రాతిగోడలు, కొన్ని గదుల పునాదులు, ఒక ద్వారము, నల్లరాతి మెట్లు 16. పెద్దబాట వేయునప్పుడు దానిలో చాలభాగము పోయినది. మిగిలిన ఈ కొంచెమును 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి.

ఈ మెట్ల కథ యేమనగా: ఆ దీవి చెరకుతోటల దీవి. ఆఫ్రికా, మడగాస్కరుల నుండి తెచ్చిన బానిసలచే ఆ తోటలను చేయించుచుండిరి. 1835 ఫిబ్రవరి 1వ తేదీన అచ్చట బానిసత్వము రద్దయ్యెను. విముక్తులైనవారికి పరిహారము లేదు. తోటల యజమానులకు మాత్రము దొరతనమువారు ఇరువది లక్షల పౌనుల మేర ముట్టజెప్పిరి. ఇది చదివినప్పుడు మాకు కోపమే వచ్చినది. ఇక చెరకు కొట్టువారు కావలెను. 1834 నవంబరు 2వ తేదీన 'అట్లాసు' అను ఓడ కలకత్తా నుండి 36 మంది కూలీలను తెచ్చి దింపెను. ఆ తరువాత ముప్పాతిక శతాబ్దములో సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఆ దీవికి చేరిరి. ఒప్పందము అయిదేండ్లు. మొదటి ఒప్పందములలో మగవానికి నెలకు 5 రూపాయలు, పైన బియ్యము, పప్పు, ఉప్పు, కట్టుబట్ట. ఒక్క దినము పనికి రాకున్న రెండు దినముల కూలి కోసివేయుట అచ్చటి వాడుక.

ఓడలో నెల పైబడి ఊగివచ్చినవారు ఆ 16 మెట్లెక్కి లోనికి వచ్చెడివారు. వైద్యుడు చూచును, గుమాస్తా పేరు, తండ్రిపేరు, ఊరు వ్రాసికొని ఒక సంఖ్య నిచ్చును. రెండు దినము లచ్చటి కొట్టములలో నుంచి, పిదప ఏ తోటకు పొమ్మన్న ఆ తోటకు పంపెడివారు. 1860ల నుండి వారి ఛాయాచిత్రములను కూడ తీయుచు వచ్చిరి. ఒప్పందము తీరినవాడు సయితము తన ఛాయాచిత్రముతో గూడిన చీటిని వెంట నుంచుకొననిచో దిమ్మరి యని పట్టుకొను చట్టము 1867లో వచ్చినది.

ఆ వచ్చినవారిలో మనవా రెవరని మీ రడుగవచ్చును. మద్రాసు రాజధాని నుండి పోయినవారిలో తెలుగువారును కలరు. గోదావరి ముఖద్వారమున కోరంగి యను రేవుండెడిది. 1839 నాటి ఉప్పెనలో ఆ రేవు పాడయ్యెను; పేరు మాత్రము నిలిచినది. బర్మాలోను మారిషసులోను తెలుగువారిని 'కోరంగీలు' అనియే పిలిచెడివారు. అట్లు పోయినవారు ఎక్కువగా గంజాము, విశాఖ, గోదావరి మండలముల తీరపు జనులు. మీ వైపు ఆనాడు నిజాము రాజ్యము; అచ్చటివారు బ్రదుకుతెరువునకు పోయిన త్రోవలు వేరు. సిరిసిల్ల నేతపనివారు షోలాపురము, భీవండి మగ్గముల యొద్దకు పోయిరి. 1970 తరువాత జగిత్యాల, కోరుట్ల, వేములవాడ పల్లెల మగవారు గల్ఫు దేశములకు పోయిరి. అయినను ఆ మెట్లపై నిలిచినప్పుడు మాకు మీ ప్రాంతపు స్త్రీలే తలపునకు వచ్చిరి. అచ్చట ప్రదర్శనశాలలో పాత పట్టీలు, ఛాయాచిత్రములు కలవు. వానిని చూచుచు, ఓడ యెక్కినవారిని గూర్చి ఇన్ని కాగితములుండగా, గుమ్మమున నిలిచి పంపినవారిని గూర్చి ఒక్క కాగితమును లేదుగదా యని అనుకొంటిమి. బీడీలు చుట్టుచు, పిల్లలను చదివించుచు, అప్పులవారికి సమాధానము చెప్పుచు ఇరువది యేండ్లు గడపిన మీవంటివారిని గూర్చి కూడ కాగితము లరుదే.

స్త్రీలును ఆ ఓడలలో పోయిరి. మొదటి యేండ్లలో మిక్కిలి కొద్దిమంది. పిదప మగవారితోపాటు ఇంతమంది స్త్రీలుండవలెనని దొరతనమువారు నియమము చేసిరి. భర్త వెంట పోయినవారు, వితంతువులు, ఒంటరిగా పోయినవారు, ఇన్ని విధములవారును వారిలో నుండిరి. వారందరు మోసపోయినవారే యని చెప్పుట తేలిక. మాకట్లు తోపలేదు. కరవు కాలమున, ఆదరించు దిక్కులేని యింటినుండి, తెలిసియే బయలుదేరినవారును కొందరుండవలెను. ఎట్లు వచ్చినను, తిరిగివచ్చుట మాత్రము వారి చేతిలో లేదు. మొదట ఒప్పందము తీరిన పిదప యజమాని ఖర్చుతో స్వదేశమునకు పంపు ఏర్పాటుండెడిది. 1850 తరువాత కొలది యేండ్లకే దానిని తొలగించిరి. పోయినవారిలో మూడింట ఒకవంతు మాత్రమే ఎట్లో మరలివచ్చిరి.

ఇంటిపేరు సంగతి వినుడు. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. గుమాస్తా వ్రాసినది సొంతపేరు, తండ్రిపేరు మాత్రమే. అందుచే మొదట దిగిన తాతగారి పేరే మనుమలకు ఇంటిపేరయినది. నేడు మారిషసులో అప్పయ్య, నరసయ్య, రామయ్య యనునవి ఇంటిపేళ్లు! మన పెండ్లి సంబంధములలో మొట్టమొదట అడుగు ప్రశ్నకు వారి యొద్ద సమాధానము లేకపోయెను. ఆ పాత పట్టీలు మోకా యను ఊరిలోని మహాత్మాగాంధీ సంస్థ యందు భద్రముగా నున్నవి. తమ పూర్వులు బయలుదేరిన ఊరి పేరు తెలిసికొనుటకు నేటికిని కుటుంబములు అచ్చటికి పోవుచునే యున్నవి. తెలుగు నిప్పుడు ఇండ్లలో మాటాడువారు అరుదు. ఇంటి భాష క్రియోలు. పిల్లలు బడిలో తెలుగు నేర్చుకొందురు. ఉగాది నాడు దేశమంతటికిని సెలవు. దీపమును నడుమ నుంచి రాత్రియెల్ల చుట్టు తిరుగుచు రామభజన చేయుట అచ్చటి తెలుగువారి ఆచారము. ఒక్కపగటి యాత్రికులకు అది దొరకదు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో ఆ దీవియందే జరిగినవి.

ఓడ ఒక్కసారి ఆగుటచే ఆ దీవికి కలిగిన మేలు కూడ ఒకటి చెప్పవలెను. 1901 అక్టోబరు కడపట గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికా నుండి స్వదేశమునకు వచ్చుచుండగా ఆయన యెక్కిన ఓడ పోర్టు లూయీలో చాల దినములు నిలిచిపోయెను. ఆయన ఓడలో కూర్చుండలేదు. మూడువారములకు కొంచెము తక్కువగా దీవిలో తిరిగి మనవారి స్థితి చూచిరి. పిల్లలను చదివింపుడని, రాజకీయ వ్యవహారములను పట్టించుకొనుడని చెప్పిరి. ఆరేండ్లకు, 1907లో, మణిలాల్ డాక్టరను న్యాయవాది అచ్చటికి పోయి కూలీల పక్షమున వాదించెను. 1909లో 'హిందుస్తానీ' యను పత్రికను పెట్టెను. ఆ దీవి 1968లో స్వతంత్రమైన తేది మార్చి 12; అది దండియాత్ర మొదలైన తేది.

ఘాటు చూచుటకు రెండు గంటలు చాలును. అచ్చటి నుండి సంతకు నడచిపోవచ్చును. కూరగాయల వరుసలలో మునగాకు కట్టలు కనబడును. దానిని వారు 'బ్రెద్ మురుమ్' అందురు. కరివేపాకును 'కారిపులే' యందురు. రెండును అరవమునుండి వచ్చిన మాటలు. పప్పు పూర్ణముతో చేసిన పలుచని పూరీలను కూరతో కలిపి వీథులలో అమ్ముదురు. మాంసము లేని కూర కావలెనని ముందే చెప్పుకొనుడు. మాకు రుచించినది.

మధ్యాహ్నము సముద్రతీరమునకు పొండు. సముద్రమును చూడని మీరు అది చూడకుండ రాదగదు. ఉత్తరపు కొసనున్న గాబ్రియేలు దీవికి జంటపడవలపై తీసికొనిపోయి, భోజనము పెట్టి తెచ్చువారును కలరు. ఒక్కపగలులో రెండును కుదరవు కనుక మేము పోలేదు. కాని పోవువారు ఒక్కటి తెలిసికొని పోవుట మంచిది. 1856 జనవరిలో కలకత్తా నుండి వచ్చిన రెండు ఓడలలో కలరా కనబడగా, వందలకొలది కూలీలను ఆ చిన్న దీవిపై దించి, చాలిన నీడయు నీరును లేక వదలిరి. అనేకులు చనిపోయిరి. ఆ వార్త విని భారత దొరతనమువారు కొంతకాలము మారిషసునకు వలసనే నిలిపివేసిరి. ఇప్పు డచ్చట తెల్లని ఇసుక, నీలపు నీరు, నీటిలో ఈదు పిల్లలు. ఆడుకొనుట తప్పని మేమనము. కాని పడవవాడు భోజనము సంగతి చెప్పి ఆ సంగతి చెప్పడేమి?

మీ పొరుగువారిలో ఎవరి పిల్లవాడైన గల్ఫునకు పోవుటకు సిద్ధపడుచున్నచో వారికి కూడ ఒకమాట చెప్పుడు. ఆనాటి కూలీల కొరకు రేవులలో 'ప్రొటెక్టరు' అను అధికారి నుంచిరి. ఆ పేరు గల కార్యాలయము నేటికిని హైదరాబాదులో నున్నది; ఇప్పటిది 1983 నాటి వలస చట్టము క్రింద పనిచేయును. ఆ చట్టముచే నమోదైన ఏజెంటు తన సేవకై 30,000 రూపాయలు, దానిపై పన్ను తప్ప తీసికొనరాదు. అతడు నమోదైనవాడగునో కాదో ఆ కార్యాలయమున నడిగి తెలిసికొనవచ్చును. ఒప్పంద పత్రమును పిల్లవాని చేతికిచ్చి ఊరకుండక, ఎవరిచేతనైన తెలుగున చదివించుకొని, దాని ప్రతిని, పాస్‌పోర్టు ప్రతిని ఇంటిలో ఆడువారి పెట్టెలో నుంచుడు. ఆపద వచ్చినప్పుడు ఇంటిలో వెదకబడునవి ఆ రెండే.

ఇక మీ ప్రయాణము మాట. నూలుచీరలు రెండు, తల కొక తుండు, నడచుటకు అనువైన చెప్పులు చాలును. ఓడలో గదులు మిక్కిలి చల్లగా నుండును, శాలువ మరువకుడు. పండ్లు, విత్తనములు, మొక్కలు అనుమతి లేక ఆ దీవిలోనికి తీసికొనిపోనీయరు. కావున తులసిమొక్క ఆలోచన మానుకొనుడు. ఓడ కదలుటకు గంట ముందే రేవు చేరుడు. ఆలస్యమైనవారి కొరకు నిలువరు. రాజన్న విభూతిని అచ్చటి తెలుగువారి గుడిలో ఇయ్యవచ్చునా యని లేఖ చివర నడిగినారు. ఇయ్యవచ్చును. గుడికి పోవుటకు వ్యవధి లేకపోయిన యెడల, ఆ మెట్ల యొద్ద కాపలా యున్నవారితో తెలుగువారి మాట యెత్తుడు. ఆ పొట్లమును పుచ్చుకొనువారు ఎవరో ఒకరు దొరకవచ్చును.