గోమార్ల లెక్క

పశువు ఒంటి మీద గోమార్లను లెక్కపెట్టడం ఒక విద్య. పరిశోధకులు పశువును రెండు వైపులా చూడరు. ఒక పక్కనే, చెవి మొదలు తోక దాకా, గంగడోలు మడతల్లో, పొదుగు పక్కన, తొడ లోపలి వైపున చేత్తో తడుముతూ పోతారు. కనబడ్డ ప్రతిదాన్నీ లెక్కలో వేయరు. నాలుగున్నర నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల పొడవున్న ఆడ గోమార్లనే లెక్కిస్తారు. ఆ పరిమాణానికి వచ్చిన ఆడది ఆ రాత్రికి కడుపునిండా రక్తం తాగి, తెల్లవారాక నేల మీదికి రాలిపోతుంది. కాబట్టి ఆ అంకెను రెట్టింపు చేస్తే, ఒక్క రోజులో ఆ పశువు మీద ఎన్ని గోమార్లు పెరిగి పెద్దవయ్యాయో తెలిసిపోతుంది. వాటి నుంచి ఆవు తనను తాను ఎంతవరకు కాచుకోగలుగుతోందో కూడా తెలుస్తుంది. పాలు ఎన్ని లీటర్లు, వెన్న ఎంత శాతం అని రాసుకునే మన పాడి పుస్తకాల్లో ఈ అంకెకు చోటు లేదు. ఉండాలని మా కోరిక.

పుదుచ్చేరి నుంచి విల్లుపురం వెళ్ళే దారిలో విల్లియనూరు తగులుతుంది. తిరుకామేశ్వరుడి గుడి, చుట్టూ వరి మళ్ళు, ఇళ్ళ ముందు కట్టేసిన జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులు. అక్కడికి దగ్గర్లోనే కురుంబపేటలో రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధన సంస్థ ఉంది. 1994లో కళాశాలగా మొదలైంది. యానాం కూడా పుదుచ్చేరిలో భాగమే కనుక మన తెలుగు పిల్లలకూ అది సొంత కాలేజీ కిందే లెక్క. తరగతి గదిలో గోమారిని సూక్ష్మదర్శిని కింద చూసే విద్యార్థికి, బయటి ఊళ్ళో ఆడవాళ్ళు పాలు పితికే ముందు పొదుగు పక్కన వేళ్ళతో తడిమి పీకే గోమారికి మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. పీకినదాన్ని కిరసనాయిలు పోసిన చిప్పలో వేసేవాళ్ళు తెలివైనవాళ్ళు. పెరట్లోకి విసిరేస్తే అది చావదు. రక్తంతో ఉబ్బిన ఒక్క ఆడ గోమారి రెండు మూడు వేల గుడ్లు పెట్టి కాని చావదు.

మన ఆవులను ఎక్కువగా పీడించే గోమారి పేరు రైపిసెఫాలస్ మైక్రోప్లస్. పాత పుస్తకాల్లో బూఫిలస్ అని ఉంటుంది. దీని బతుకంతా ఒకే ఆవు మీద గడుస్తుంది. గడ్డి చివరన కాచుకుని ఉన్న పిల్ల ఆవు కాలికి తగులుకుని పైకెక్కి, అక్కడే కుబుసం విడిచి, అక్కడే జతకట్టి, మూడు వారాలకు నేలకు రాలుతుంది. గుడ్లు ఎంత సన్నవంటే ఒక గ్రాము గుడ్ల నుంచి ఇంచుమించు 20,000 పిల్లలు వస్తాయి. రైతుకు పడే నష్టానికీ లెక్క ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో హోల్‌స్టీన్ ఆవుల మీద చేసిన పరిశోధనలో, పూర్తిగా ఎదిగే ఒక్కో ఆడ గోమారి వల్ల రోజుకు సుమారు 9 మిల్లీలీటర్ల పాలు తగ్గుతాయని తేలింది. ఒంటి మీద అలాంటివి వంద ఉంటే లీటరుకు కొంచెం తక్కువ. రెండు ఆవులతో ఇల్లు నడుపుకునే మనిషికి రోజూ ఆ లీటరు చిన్నది కాదు.

రక్తం పోవడం ఒక్కటే అయితే కొంత ఓర్చుకోవచ్చు. ఈ గోమారి మోసుకొచ్చే బాబీసియా అనే సూక్ష్మజీవి వల్ల ఆవుకు జ్వరం వచ్చి మూత్రం కాఫీ రంగుకు తిరుగుతుంది. హయలోమా అనే మరో గోమారి థైలీరియా అనే ఇంకో సూక్ష్మజీవిని తెస్తుంది. గ్రంథులు వాచి, కళ్ళు పాలిపోయి, సంకర ఆవు కొద్ది రోజుల్లోనే నేలకూలుతుంది. థైలీరియాకు టీకా ఉంది. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేసే రక్షవాక్-టి అదే. అది రోగాన్ని ఆపుతుంది కాని గోమారిని ఆపదు.

గోమారిని ఆపడానికి మనం నమ్ముకున్నది మందు డబ్బా. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, అమిట్రాజ్ పేర్లు ఇప్పుడు ఏ పాడి రైతు నోటనైనా వినపడతాయి. డబ్బా మీద లీటరు నీటికి ఇంత అని రాసి ఉంటుంది. ఇంట్లో మందు పొదుపుగా వాడాలి కాబట్టి నీళ్ళు కాస్త ఎక్కువ పోస్తారు. వీపు మీద చల్లి వదిలేస్తారు, చెవుల లోపల, తోక కింద తడవదు. చావగా మిగిలినవే గుడ్లు పెడతాయి. ఆ గుడ్లలోంచి వచ్చిన తరం మందుకు చావదు. పరిశోధనశాలలో దీన్ని పరీక్షించే తీరు చూడముచ్చటగా ఉంటుంది. మందులో తడిపి ఆరబెట్టిన కాగితాన్ని చిన్న పొట్లంగా మడిచి, లోపల గోమారి పిల్లలను వేసి బిగిస్తారు. ఒక రోజు ఆగి పొట్లం విప్పి, కదులుతున్నవెన్ని, కదలనివెన్ని అని చూస్తారు. ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ చాలా రాష్ట్రాల గోమార్లను పరీక్షించి, ఈ మందులకు అవి లొంగడం లేదని తేల్చింది. కాబట్టి రైతు డబ్బా మార్చినంత మాత్రాన ఇబ్బంది తీరదు. పైగా చల్లిన మందు పాలలోకి దిగుతుంది. జాతీయ పాడి అభివృద్ధి మండలి (ఎన్‌డీడీబీ) ప్రచారం చేస్తున్న వేపాకు, వెల్లుల్లి, వస, పసుపు, తులసి కలిపి నూరిన మందు ఈ భయం లేనిది. వారానికోసారి ఓపికగా పూసేవాళ్ళకు అది ఊరట.

ఇంతకూ ఆవు చేతగానిదేమీ కాదు. గోమారి పిల్ల తోలులో మూతి గుచ్చిన చోట ఒంట్లోని రక్షణ కణాలు చేరి వాపూ దురదా పుట్టిస్తాయి. దురద పెట్టిన చోటును ఆవు నాకుతుంది, పిల్ల ఊడిపోతుంది. ఈ శక్తి దూడకు పుట్టుకతో పూర్తిగా రాదు, కొన్నిసార్లు గోమార్లు పట్టాక ఒళ్ళు నేర్చుకుంటుంది. మెడ తిప్పి నాక్కోవడానికి వీల్లేకుండా కట్టిన పశువుల మీద గోమార్లు ఎక్కువగా బతుకుతాయని ఆస్ట్రేలియా ప్రయోగాలు ఎప్పుడో చూపాయి. కురచ తాడుతో రాత్రింబవళ్ళు కట్టు గుంజకు బిగించిన మన పాడి ఆవులను ఇది చదివాక చూస్తే కడుపు తరుక్కుపోతుంది. తాడు ఒక మూర పెంచితే ఖర్చేమీ లేదు.

ఈ శక్తి అన్ని జాతులకూ ఒకే మోతాదులో లేదు. మైక్రోప్లస్ ఆసియా గోమారి. మూపురం ఉన్న మన పశువులు వేల ఏళ్ళుగా దానితో కలిసి బతికాయి, ఐరోపా పశువులకు ఆ పరిచయం లేదు. 1872లో బటావియా (నేటి జకార్తా) నుంచి ఆస్ట్రేలియాలోని డార్విన్‌కు దిగిన పశువులతో ఈ గోమారి ఆ దేశంలో అడుగుపెట్టింది. తర్వాతి ఇరవై ముప్పై ఏళ్ళలో ఉత్తర ప్రాంతాల మందలు బాబీసియా తెచ్చే ఎర్ర మూత్రం రోగంతో కుప్పలుగా చచ్చాయి. దానికి విరుగుడును వాళ్ళు మూపురం పశువుల్లోనే వెతుక్కున్నారు. రాక్‌హాంప్టన్ దగ్గర బెల్మాంట్ పరిశోధన కేంద్రంలో బ్రాహ్మణ్ ఆబోతులతో సంకరం చేసి, గోమార్లను లెక్కపెట్టి, తక్కువ పట్టిన వాటి సంతానాన్ని నిలుపుకున్నారు. బ్రాహ్మణ్ అమెరికాలో తయారైన జాతి. అందులో గుజరాత్ పశువుల రక్తంతో పాటు మన నెల్లూరు, ఒంగోలు రక్తమూ ఉంది. బ్రెజిల్‌లో మాంసపు పశువుల్లో ముప్పాతిక వంతుకు పైగా మన ఒంగోలు సంతతైన నెలోర్ జాతివో, దాని సంకరాలో. 1960ల మొదట్లో ఒంగోలు సీమ నుంచి అక్కడికి చేరిన ఒక ఆబోతు పేరు కరవది. ఒంగోలు పక్కనున్న ఊరి పేరే అది. ఈనాటి నెలోర్ వంశవృక్షాల్లో చాలావాటికి ఆ పేరు మొదట్లో కనబడుతుంది. వేడికి ఓర్చి, గోమారికి లొంగని తోలు కోసమే బ్రెజిల్ రైతు సముద్రం దాటి వచ్చాడు. మనకు ఆ జాతి ఎడ్ల పందేల్లోనే గుర్తొస్తుంది.

ఇది సంకర ఆవుల మీద ఫిర్యాదు కాదు. విల్లియనూరులోనైనా, గోదావరి జిల్లాల్లోనైనా పిల్లల ఫీజులు కట్టించింది ఆ ఆవుల పాలే. వాటిని వదులుకోమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయితే సంకర ఆవులన్నీ ఒక్కలా ఉండవు. ఒకే కొట్టంలో, ఒకే మేత తిని, పక్కపక్కన కట్టిన రెండింటిలో ఒకదాని నిండా గోమార్లుంటే మరోదాని మీద వెతకాలి. ఈ తేడాలో ఇంచుమించు మూడో వంతు తల్లిదండ్రుల నుంచి వచ్చేదే. అంటే ఏరుకుంటే పెంచుకోవచ్చు. అది కాగితం మీద మాట కాదు. క్వీన్స్‌లాండ్‌లో షార్ట్‌హార్న్ అనే ఐరోపా పాడి జాతి మందలో మూపురం రక్తం చుక్కైనా కలపకుండా, గోమార్లను లెక్కపెట్టి ఏరుకుంటూ పోయి, తరాల మీద నిరోధక శక్తిని బాగా పెంచి చూపించారు. మన దగ్గర ఆబోతును ఎన్నుకునేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న దాని తల్లి ఎన్ని పాలిచ్చింది, కూతుళ్ళు ఎన్ని ఇస్తున్నాయి అన్నదే. ఆ కూతుళ్ళ ఒంటి మీద ఎన్ని గోమార్లున్నాయో ఎవరూ అడగరు.

అడిగితే చెప్పగలిగినవాళ్ళు ఉన్నారు, రోజూ పశువులతో గడిపేవాళ్ళు. వాళ్ళ మాట వినడం ఎంత అవసరమో ఒక పాత కథ చెబుతుంది. అమెరికాలో దక్షిణాది మందలు ఉత్తరానికి వెళ్ళిన దారిలో అక్కడి పశువులు జ్వరంతో చస్తుంటే, అది గోమార్ల పనేనని పశువులు తోలేవాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. పండితులు నవ్వారు. థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే పరిశోధకులు మాత్రం ఆ మాటను పట్టుకుని, దక్షిణాది పశువుల గోమార్లను చేత్తో ఒక్కొక్కటీ పీకించి, ఉత్తరాది పశువులతో కలిపి మేపారు. ఏ పశువూ జబ్బుపడలేదు. 1893లో అచ్చయిన ఆ పనితోనే, ఒక పురుగు ఒక జీవి నుంచి మరో జీవికి రోగాన్ని మోయగలదని లోకానికి మొదటిసారి స్పష్టమైన రుజువు దొరికింది. సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూసింది ఆ తర్వాత నాలుగేళ్ళకు, 1897లో. మన దగ్గర కూడా ఏ ఆవుకు గోమార్లు ఎక్కువ, ఏ ఆవు తల్లికీ బిడ్డకీ తక్కువ అన్నది రోజూ పొదుగు కడిగే ఆడమనిషికి నోటికి వచ్చు. ఆమె పీకి చిప్పలో వేస్తున్నవే పరిశోధకుడికి కావలసిన అంకెలు.

2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం గౌ చిప్‌ను విడుదల చేసింది. చుక్క రక్తంలోని జన్యువులను చదివి, దూడ పెరిగి పెద్దదయ్యేదాకా ఆగకుండా దాని గుణాలను అంచనా వేయడానికి అది పనికొస్తుంది. అయితే చిప్ తనంతట తాను ఏదీ చెప్పదు. ఏ గుణం కావాలంటే ఆ గుణాన్ని వేల పశువుల మీద ముందు కొలిచి దానికి నేర్పాలి. పాల కొలతలు మన దగ్గర ఉన్నాయి, గోమార్ల కొలతలు అంత విస్తారంగా లేవు. గుంటూరు లాం ఫారంలో, నెల్లూరు జిల్లా చింతలదేవిలో ఒంగోలు మందలున్నాయి. గన్నవరం, తిరుపతి, కురుంబపేట కళాశాలల్లో చేతులు ఖాళీగా లేకపోయినా నేర్చుకోవాలన్న తపన ఉన్న విద్యార్థులున్నారు. చుట్టుపక్కల ఊళ్ళకు పాల కొలతకు, ఎద సూదికి వెళ్ళే మనిషి చేతిలోని పుస్తకంలో ఇంకొక్క గడి గీసి, ఏడాదికి రెండు మూడు సార్లు, మందు చల్లక ముందు, ఒక పక్క గోమార్లను లెక్కించి రాస్తే చాలు. వానలు వెళ్ళి గోమార్లు విరివిగా పట్టే నెలల్లోనే ఈ పని మొదలుపెట్టవచ్చు. ఆ గడి గీయమని పశుసంవర్ధక శాఖలను, పాల సంఘాలను కోరుతున్నాం.