గ్రేడు ఇచ్చేముందు మమ్మల్ని అడగండి!



యూనివర్సిటీకి ఏ గ్రేడు వచ్చిందో గేటు దగ్గరి ఫ్లెక్సీ చెబుతుంది. ఆ గ్రేడులో మన మాట ఎంత? ఆ గ్రేడు ఇచ్చే సంస్థ న్యాక్ 2017లో తెచ్చిన పద్ధతిలో మొత్తం 1000 మార్కులు. విద్యార్థుల సంతృప్తి సర్వేకు 50. ప్రశ్నలు 21. సిలబస్ ఎంత పూర్తిచేశారు, ఇంటర్నల్ మార్కులు న్యాయంగా వేశారా, అసైన్‌మెంట్ దిద్ది మీతో మాట్లాడారా? అడగాల్సినవే అడిగారు. కానీ హాస్టల్ గది, మెస్ తిండి, తాగునీటి ఊసే లేదు. ఇక కేంద్రం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో పేరుప్రతిష్ఠల లెక్కకు విద్యావేత్తలనూ ఉద్యోగాలిచ్చేవాళ్లనూ అడుగుతారు, చదువుతున్నవాళ్లను అడగరు.

2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకు మంచి గ్రేడు కోసం లంచం తీసుకున్నారన్న కేసులో న్యాక్ తనిఖీ బృందం సభ్యులనే సీబీఐ అరెస్టు చేసింది. చుట్టపుచూపుగా వచ్చి పోయేవాళ్ల కన్నా, ఏళ్ల తరబడి అక్కడే తిని, చదివి, పరీక్ష రాసేవాళ్ల సాక్ష్యం గట్టిది కాదా?

అయితే 'తృప్తిగా ఉన్నారా' అని అడిగితే సరిపోదు. తలుపుల్లేని బాత్రూంలున్న బడిలో చదివొచ్చిన అమ్మాయి, ఇక్కడ తలుపుంటే చాలు 'బాగుంది' అని రాస్తుంది. ఇంట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కిన బిడ్డకు, సార్ తన జవాబుపత్రం ముందు పెట్టి తప్పులు చెప్పాలని అడగొచ్చన్న సంగతే తెలియదు. ఎవరూ చెప్పలేదు మరి! తక్కువ ఆశించిన చోట తృప్తి ఎక్కువగా కనబడుతుంది. ఆ అంకె చూపించి అధ్యాపకుల ఖాళీ పోస్టులు నింపకుండా నెట్టుకొస్తే నష్టపోయేది ఆ బిడ్డలే. ఆశించినదానికీ అందినదానికీ మధ్య తేడాతోనే సేవల నాణ్యతను కొలవాలని 1985లోనే పరశురామన్, జైథామల్, బెర్రీ అనే పరిశోధకులు చెప్పారు. వాళ్లు పరిశీలించింది బ్యాంకులు, క్రెడిట్ కార్డుల వంటి సేవలను. చదువుకు ఆ కొలత ఇంకెంత అవసరం!

అందుకే యూనివర్సిటీ అధికారులను అడుగుతున్నాం. అడ్మిషన్ రోజే ప్రతి విద్యార్థి ఏం ఆశిస్తున్నాడో రాయించుకోండి. ఎన్ని క్లాసులు, ఎందరు అధ్యాపకులు, లైబ్రరీ ఎన్ని గంటలు తెరిచి ఉంచుతారో మీరూ రాసివ్వండి. ఏడాది చివర ఆ రెండు కాగితాలూ ముందు పెట్టి ఏం అందిందో అడగండి. జవాబు మీద పేరు, హాల్‌టికెట్ నంబరు అడగొద్దు. ఫలితాలు మంచివైనా చెడ్డవైనా విభాగాల వారీగా నోటీసు బోర్డులో పెట్టండి. అధ్యాపకులారా, దీనికి భయపడకండి. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరే మోస్తున్న గెస్టు లెక్చరర్ కష్టం కూడా ఇందులోనే బయటపడుతుంది.

గ్రేడ్లు తీసేసి, గుర్తింపు ఉందో లేదో చెప్పే పద్ధతికి మారతామని న్యాక్ 2024 జనవరిలో ప్రకటించింది. కొలిచే తీరు మారుతున్న ఈ సమయంలోనే మన మాట అందులో చేరాలి.

మిత్రులారా, సర్వే మెయిల్ వస్తే మీరే నింపండి. ఫోన్ ఇంకొకరి చేతికివ్వకండి. ఎవరో చెప్పిన ఆప్షన్ నొక్కకండి. 21వ ప్రశ్న వదిలేయకండి, సొంత మాటల్లో రాసే చోటు అదొక్కటే.

ఈ కరపత్రం వెనకవైపు ఖాళీగా ఉంచాం. ఏం ఆశించి చేరారో, ఇవాళ్టికి ఏం అందిందో రాసి లైబ్రరీ మెట్ల దగ్గరి పెట్టెలో వేయండి. అన్నీ కలిపి వైస్ ఛాన్సలర్ గారికి అందజేస్తాం. ఆ రోజు మీరూ వెంట రండి.

– మీ తోటి విద్యార్థులు