కాపాలికుల పక్షమున సాక్షి యెవరు?

కార్తికమాసమున మా మండపేటనుండి రామచంద్రపురము మీదుగా ద్రాక్షారామమునకు పోయి, భీమేశ్వరుని సేవించి మాణిక్యాంబ సన్నిధిని నిలిచినవారు, ఆ తల్లి పూర్వము మహోగ్రరూపిణియై యుండెడిదనియు, శంకరభగవత్పాదులు శ్రీచక్రమును ప్రతిష్ఠించి శాంతింపజేసిరనియు పెద్దలవలన వినుట కద్దు. శాంతింపజేసినవారి పేరు నిలిచినది. ఆ యుగ్రరూపమును కొలిచినవారి పేరొక్కటియు నిలువలేదు.

పొలిమేరలో నాలుగు నిమ్మకాయలును గుప్పెడు కుంకుమయు కనబడిన చాలు, ‘క్షుద్రపూజలు’ అని వార్త వ్రాసి కాపాలికులను స్మరించు నేటి వాడుక నాకు రుచింపదు. నరబలిని సమర్థించుట నా యభిమతము కాదు. ప్రాణము తీయువాడు ఏ యాగమమును చదివినను హంతకుడే. కాని కపాలధారణము శ్మశానమున పుట్టిన వింత కాదు. బ్రహ్మహత్య చేసినవాడు పండ్రెండేండ్లు కపాలమును పూని, వనమున వసించి, భిక్షాన్నముతో బ్రదుకవలెనని విధించినది ధర్మశాస్త్రమే. బ్రహ్మ యైదవ శిరస్సును ఖండించి, ఆ పుఱ్ఱెతో తిరిపెమెత్తిన భైరవుడే దానికి తొలి వ్రతి. పాపము చేయకయే, అది దేవుని వేషమని, పాపి వేషమును తాల్చుటయే కాపాలికుల మహావ్రతము.

ఇంతటి సాహసము చేసినవారిని గూర్చి మనకు చెప్పినవారెవరు? ఏడవ శతాబ్దిలో ‘మత్తవిలాసము’న నవ్వులపాలు చేసిన పల్లవ మహేంద్రవర్మ, పదునొకండవ శతాబ్దిలో ‘ప్రబోధచంద్రోదయము’న వెక్కిరించిన కృష్ణమిశ్రుడు, దానిని తెనిగించిన మన జంటకవులు నంది మల్లయ, ఘంట సింగయలు. ప్రతివాది గైరుహాజరు కాగా, వాది చమత్కారమునకు ముగ్ధులమై తీర్పు చెప్పితిమి.

ఆ తీర్పు పొరుగువారిపైనను పడినది. పొరుగు శైవశాఖవారైన కాలాముఖులును పుఱ్ఱెలో భుజింతురని వైష్ణవ వేదాంతగ్రంథమైన శ్రీభాష్యము చెప్పుచున్నది. వేంగి నేలిన రెండవ అమ్మరాజు (945–970) తాండికొండ తామ్రశాసనమో, బెజవాడ దేవాలయమును కనిపెట్టుకొనియున్న కాలాముఖ మునులను గౌరవముతో పేర్కొన్నది. శాస్త్రకారునకు వాదమున నెగ్గవలసిన పని యున్నది, రాజునకు దానము పాత్రునకీయవలసిన పని యున్నది. ఆ మునుల నడవడి విషయమున నేను రాగిరేకునే యెక్కువ నమ్ముదును.

భవభూతియు ‘మాలతీమాధవము’న శ్రీపర్వతమునుండి, అనగా మన శ్రీశైలమునుండి, వచ్చిన కాపాలికుడు అఘోరఘంటునిచేత నాయిక మాలతిని బలిపీఠమెక్కించెను. ఆ క్రూరుని అందరును ఎఱుగుదురు. కాని తుదకు మాలతిని కాపాడిన సౌదామినియు శ్రీపర్వతముననే సిద్ధిపొందిన కాపాలికవ్రతినియే.