తాళము ఒక్కటే చాలునా?



"అయ్యగారూ, బిడ్డ చేతికి ఫోను ఇస్తే చెడిపోతాడేమో, ఇవ్వకపోతే చదువులో వెనుకబడతాడేమో. ఏమి చేయమంటారు?" ఈ ప్రశ్న ఇప్పుడు ప్రతి ఇంటిలోను ఉన్నది. బడులలోను ఉన్నది.

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో నాటి రాష్ట్ర ప్రభుత్వము 8వ తరగతి బిడ్డలకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించినది. 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు కలిపి మొత్తము 5,18,740 ట్యాబ్‌లు. పాఠములు తప్ప అక్కరలేనివి తెరుచుకోకుండ వాటికి సాఫ్ట్‌వేర్ తాళము వేశామన్నారు. అయినా కొందరు పిల్లలు ఆ తాళము దాటి వేరే వాటిని చూస్తున్నారని తరువాత పత్రికలలో వచ్చినది.

ఈ తాళమునే ఫిల్టర్ అంటారు. అది చెడ్డ సైట్ల పట్టిక పెట్టుకొని వాటిని ఆపుతుంది, లేదా కొన్ని మాటలు కనబడితే ఆపుతుంది. పట్టికకు ఎక్కని క్రొత్త సైటు తప్పించుకుంటుంది. మాటలను బట్టి ఆపితే, జీవశాస్త్రములోని ప్రత్యుత్పత్తి పాఠము, రొమ్ము క్యాన్సర్ గురించిన వైద్య సలహా కూడ ఆగిపోవచ్చును. స్నేహితునివలె పలుకరించే మోసగాని మాటలను మాత్రము అది పట్టుకోలేకపోవచ్చును.

అమెరికాలో, ప్రభుత్వ రాయితీతో ఇంటర్నెట్ తీసుకొనే బడులు ఫిల్టర్ పెట్టి తీరవలెనని 2000లో చట్టము చేశారు. అది చాలదని, ఇంటర్నెట్‌లో ఎలా మెలగవలెనో బిడ్డలకు నేర్పి తీరవలెనని 2008లో మరొక చట్టము చేశారు.

పోనీ, అంతా మూసివేస్తే? అదీ మనము చూశాము. 2022 మే 24న అమలాపురములో అల్లర్లు జరిగిన తరువాత కోనసీమలో చాలా రోజులు ఇంటర్నెట్ ఆపివేశారు. ఇంటినుండి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసము ఊళ్లు దాటి తిరిగారు. ఇక అది లేకుండ బ్రతుకు సాగదని అందరికీ తెలిసినది.

మన ఊళ్లలో ఇంటి ప్రక్కనే కాలువ. బిడ్డ పడతాడని ఎవరూ కాలువ పూడ్చలేదు. రేవుకు మెట్లు కట్టాము, ఈత నేర్పాము, ఒంటరిగా దిగవద్దన్నాము. ఫిల్టర్ ఆ మెట్లవంటిది. అది కావలెను. కాని ఈత నేర్పే పని మనదే.

ఒక విషయము ఆలోచించండి. ఎవడో ఒక అమ్మాయి ఫోటోను మార్చి, డబ్బు పంపకపోతే అందరికీ పంపుతానని బెదిరించాడనుకోండి. ఆ బిడ్డకు మొదట కలిగే భయము వాని గురించి కాదు, మన గురించి. "నాన్నకు తెలిస్తే కొడతాడు, ఫోను లాక్కుంటాడు, బడి మాన్పిస్తాడు." అందుకే దాచిపెడుతుంది. ఆ మౌనమే వానికి బలము.

గనుక ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత బిడ్డలతో ఈ మాట చెప్పండి: "ఏమి జరిగినా ముందు మాకు చెప్పు. కొట్టము, బడి మాన్పించము." చెప్పి, ఆ మాట నిలుపుకోండి. బెదిరింపు సందేశములను చెరిపివేయవద్దు; అవే సాక్ష్యము. డబ్బు పంపవద్దు. పిల్లల సహాయానికి 1098, సైబర్ మోసములో డబ్బు పోతే 1930కి ఫోను చేయండి. పరువు పోతుందని వెనుకాడవద్దు. లైంగిక నేరములకు గురైన బిడ్డల పేరు, ఊరు పత్రికలలో వేయరాదని 2012 నాటి పోక్సో చట్టము చెబుతున్నది.

బడిలో తలిదండ్రుల సమావేశము జరిగినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ ఏమేమి ఆపుతున్నారు? అవసరమైన పాఠము ఆగిపోతే ఎవరు తెరుస్తారు? బిడ్డకు కష్టము వస్తే ఏ ఉపాధ్యాయునితో, ఏ టీచరమ్మతో చెప్పుకోవలెను?

మొదటి రెండింటికి జవాబు కంప్యూటరు తెలిసినవారు చెప్పగలరు. మూడవదానికి ఒక మనిషి పేరే జవాబు కావలెను. ఆ పేరు మన బిడ్డకు తెలిసి ఉండవలెను.